ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ మాస్టర్స్‌లో చేరాలా? ముందు ఐదో ఏడు ఏం చేయిస్తారో అడగండి

మీరు అడిగింది ఇదీ: తమ్ముడు ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఫిజిక్స్ అంటే ప్రాణం, మ్యాథ్స్ బాగానే చేస్తాడు, కోడింగ్ మీదా సరదా ఉంది. ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ పరిశోధన విద్యాసంస్థ) డిగ్రీ, మాస్టర్స్ కలిపి చదివే ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, బీటెక్-ఎంటెక్ డ్యూయల్ డిగ్రీ, మామూలు నాలుగేళ్ల బీటెక్... వీటిలో దేనికి గురిపెట్టాలి? నాన్నగారిదేమో ఒకటే మాట: "ఐదేళ్లు చదివి చివరికి ఎమ్మెస్సీయేనా?"

ముందు నా సంగతి. ఒక విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెబుతాను. ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేరిన పిల్లలకి ఫస్టియర్‌లో మెకానిక్స్ చెప్పేదీ నేనే, వాళ్లలో కొందరికి ఐదో ఏడు థీసిస్ గైడ్‌గా ఉండేదీ నేనే. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులతో మాట్లాడే డ్యూటీ కూడా తరచూ నాకే పడుతుంది. కాబట్టి పిల్లలు వచ్చేటప్పటి ఉత్సాహం, వెళ్లేటప్పటి పరిస్థితి రెండూ చూస్తుంటాను.

సూటిగా చెప్తాను. తమ్ముడికి సైన్స్ చదవాలన్న కోరిక గట్టిగా ఉంటే ఐసర్, అలాంటిదే అయిన నైసర్ లాంటి చోట ఐదేళ్ల కోర్సుకు వెళ్లనివ్వండి. ఇంజినీరింగ్ ఉద్యోగమే కావాలంటే నాలుగేళ్ల బీటెక్ చాలు, ఎంటెక్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. కోరుకున్న బ్రాంచికి ర్యాంకు చాలక, కాలేజీ పేరు కోసం మాత్రం ఐదేళ్ల కోర్సు తీసుకోవద్దు. ఏ కోర్సు మంచిదో తేల్చుకోవడానికి నేను వాడే గీటురాయి ఒక్కటే: ఐదో ఏడు ఏం చేయిస్తారు?

మొదటి మూడేళ్లు ఎక్కడ చదివినా పాఠాలు ఇంచుమించు అవే. క్లాసికల్ మెకానిక్స్, ఎలక్ట్రోమాగ్నెటిజం, క్వాంటమ్ మెకానిక్స్, చివరికి పుస్తకాలు కూడా అవే. తేడా అంతా చివర్లో వస్తుంది. ఐసర్ల బీఎస్-ఎంఎస్‌లో మామూలుగా మొదటి ఒకటి రెండేళ్లు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ అందరూ చదవాల్సిందే. ఆ తర్వాత ఎవరికి నచ్చిన సబ్జెక్టు వైపు వాళ్లు మళ్లుతారు. ఐదో ఏడు దాదాపు మొత్తం ఒక గైడ్ దగ్గర థీసిస్ పనికే పోతుంది. ఈ కోర్సుకున్న అసలు విలువ ఆ ఏడాదిలోనే ఉంది.

అదెలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. నా దగ్గర థీసిస్ చేసిన ఒకమ్మాయి సోలార్ సెల్స్ కోసం గాజు పలకల మీద పెరోవ్‌స్కైట్ అనే పదార్థపు పొర వేయాలి. పలకని సబ్బునీళ్లలో, ఎసిటోన్‌లో, ఐసోప్రొపనాల్‌లో వరసగా కడగాలి, ఆరబెట్టాలి, ద్రావణం చుక్క వేసి స్పిన్ కోటర్ మీద గిర్రున తిప్పాలి. కొన్ని రోజులు పొర నున్నగా వచ్చేది. కొన్ని రోజులు సూదితో పొడిచినట్టు చిల్లులే చిల్లులు. ద్రావణం మార్చింది, తిప్పే వేగం మార్చింది, కడిగే తీరు మార్చింది. లాభం లేదు. తర్వాత తనే నోట్‌బుక్‌లో ప్రతి శాంపిల్ పక్కన ఆ రోజు గదిలో తేమ ఎంతుందో రాయడం మొదలుపెట్టింది. రాస్తూ పోగా, చిల్లులు పడ్డవి చాలావరకు ముసురు పట్టిన రోజుల్లో చేసినవేనని బయటపడింది. పనిని నైట్రోజన్ నింపిన గ్లవ్ బాక్స్‌లోకి (బయటి గాలి, తేమ చొరబడని పెట్టె) మార్చాక పొరలు కుదురుకున్నాయి.

ఆ పదార్థానికి తేమ పడదని పేపర్లలో ఉన్నదే. కానీ పేపర్లో చదవడం వేరు, మన బల్ల మీది గొడవకు కారణం అదేనని రుజువులతో పట్టుకోవడం వేరు. ఆమె పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఎక్కువసేపు నడిచింది ఆ నోట్‌బుక్ మీదే. ఇప్పుడు జర్మనీలో ఉంది. (అక్కడ పీహెచ్‌డీకి మామూలుగా మాస్టర్స్ ఉండాలంటారు. నాలుగేళ్ల బ్యాచిలర్స్‌తో నేరుగా పీహెచ్‌డీకి తీసుకునే పద్ధతి అమెరికాలో ఎక్కువ. ఏ దేశం వైపు చూపు ఉందన్నది కూడా ఈ లెక్కలో కలపాలి.)

దీనికి రెండో వైపు కూడా చూశాను. వేరే చోట ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ చేసిన ఒక కుర్రాడు మా పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వచ్చాడు. మార్కులు బ్రహ్మాండంగా ఉన్నాయి. థీసిస్ తెరిచి ఒక గ్రాఫ్ చూపించి, "ఈ ఒక్క బిందువు దగ్గర ఎర్రర్ బార్ ఇంత పెద్దదెందుకు?" అని అడిగాం (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చూపే గీత అది). జవాబు లేదు. ఉండదు కూడా, ఆ గ్రాఫ్ అతను గీసింది కాదు. నాలుగైదు పేపర్లు చదివి కలిపి రాయడాన్నే అక్కడ ప్రాజెక్టు అంటారట. తెలివైనవాడే, కానీ అతని ఐదో ఏడు వృథా అయింది.

అందుకే బ్రోషర్‌లో బొమ్మలు చూడొద్దు. కోర్సు కరికులమ్ పీడీఎఫ్ తీసి, చివరి రెండు సెమిస్టర్లలో థీసిస్‌కి ఎన్ని క్రెడిట్లు ఇచ్చారో చూడండి. ఏడాది మొత్తంలో సగం క్రెడిట్ల కన్నా తక్కువ ఉంటే అది థీసిస్ కాదు, ఇంకో సబ్జెక్టు అంతే. గత ఏడాది థీసిస్‌ల పేర్లు వెబ్‌సైట్‌లో ఉంటాయేమో చూడండి, లేకపోతే డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి అడగండి. పేర్లన్నీ "ఫలానా దానిపై ఒక అధ్యయనం" తరహాలో ఉంటే అర్థం చేసుకోవచ్చు. బయటి ల్యాబ్‌లో థీసిస్ చేయనిస్తారా అన్నది కూడా పెద్ద విషయం. ఉన్న ఊళ్లో నచ్చిన గైడ్ దొరక్కపోతే అదే దిక్కు.

ఇక్కడ నిజాయితీగా ఇంకో దారి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. మంచి డిగ్రీ కాలేజీలో మూడేళ్ల బీఎస్సీ, ఆ తర్వాత జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి ఐఐటీలో రెండేళ్ల ఎమ్మెస్సీ. మొత్తం అవే ఐదేళ్లు. మధ్యలో ఒక తలుపు ఉంటుంది: మూడేళ్లకి చేతిలో డిగ్రీ, మనసు మారితే వేరే దారి. జామ్‌తోనే ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా వెళ్లొచ్చు. మరి ఇంటిగ్రేటెడ్ కోర్సులో లాభమేమిటి? బీఎస్సీ మూడో ఏడు ఆ పిల్లలు జామ్ ప్రిపరేషన్‌లో మునిగిపోతారు. అదే సమయానికి ఇంటిగ్రేటెడ్ పిల్లలు వేసవి ప్రాజెక్టులకి తిరుగుతుంటారు, ఎవరి ల్యాబ్ ఎలాంటిదో తెలుసుకుంటారు, సీనియర్ల పీహెచ్‌డీ కష్టాలు కళ్లారా చూస్తారు. మళ్లీ ఎంట్రెన్స్ లేకపోవడమే వీళ్లకి దక్కే వరం. దానికి కట్టే మూల్యం కూడా ఉంది. మొదటి రెండేళ్లలో సీజీపీఏ (మొత్తం గ్రేడ్ల సగటు) పడిపోతే కొత్త పరీక్షతో చెరిపేసుకునే అవకాశం ఉండదు, అది ఐదేళ్లూ వెంట వస్తుంది.

ఆ మొదటి రెండేళ్ల గురించి తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి. ఎంపీసీ పిల్లలు బయాలజీ దగ్గర తడబడతారు. కష్టమై కాదు, "నాకెందుకిది" అన్న చిరాకుతో. బైపీసీ నుంచి వచ్చినవాళ్లకి క్యాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా నిజంగానే కష్టం. ఐసర్ల ప్రవేశ పరీక్ష ఐఏటీలోనే ఈ ధోరణి కనిపిస్తుంది: మూడు గంటలు, 60 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టులకీ సమానంగా 15 చొప్పున, ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి 1 కోత, మొత్తం 240. బయాలజీని పూర్తిగా వదిలేసే ఎంపీసీ విద్యార్థి 60 మార్కులు ముందే వదులుకున్నట్టు. ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకాలు రెండూ కథల్లా ఒకసారి చదివినా కొన్ని ప్రశ్నలు చేతికొస్తాయి. అన్నట్టు, బయాలజీని తిట్టుకుంటూ మొదలుపెట్టి చివరికి బయోఫిజిక్స్‌లో స్థిరపడినవాళ్లని చాలామందినే చూశాను. పదిహేడేళ్ల వయసులో ఎవరికైనా తెలిసింది ఇంటర్ ఫిజిక్సే కదా, అసలు ఫిజిక్స్ ఎలా ఉంటుందో అప్పటికింకా చూడలేదు. ఏ సైన్స్ అన్నది రెండేళ్ల తర్వాత తేల్చుకోనివ్వడం ఈ కోర్సుల్లో నాకు బాగా నచ్చే విషయం.

ఎక్కడెక్కడ ఉన్నాయంటే, ఐసర్లు ఏడు: పుణె, కోల్‌కతా, మొహాలీ, భోపాల్, తిరువనంతపురం, తిరుపతి, బరంపురం. మనకు దగ్గరిది తిరుపతి, 2015లో మొదలైంది. భువనేశ్వర్‌లోని నైసర్, ముంబైలోని సీఈబీఎస్ అనే సైన్స్ కేంద్రం ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఇస్తాయి, వాటికి నెస్ట్ అని వేరే పరీక్ష. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. బెంగళూరు ఐఐఎస్సీలో నాలుగేళ్ల బీఎస్ రీసెర్చ్ ఉంది, కావాలనుకుంటే ఐదో ఏడు చదివి మాస్టర్స్ తీసుకోవచ్చు. మన ట్రిపుల్ ఐటీల ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుని కూడా కొందరు ఇదే గాటన కడతారు. బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఉన్నది రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్. అందులో మాస్టర్స్ లేదు.

ఇప్పుడు ఇంజినీరింగ్ వైపు. ఇక్కడ నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది.

బీటెక్-ఎంటెక్ డ్యూయల్ డిగ్రీలో ఒక ఏడాది మిగులుతుంది: నాలుగు ప్లస్ రెండు ఆరు, ఇక్కడ ఐదు. నిజమే. కానీ విడిగా గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాసి ఎంటెక్‌లో చేరితే నెలకి రూ.12,400 స్టైపెండ్, రెండేళ్లకి సుమారు మూడు లక్షలు. పైగా నాలుగేళ్లు చదివాక ఏ స్పెషలైజేషన్ కావాలో తెలిసి ఎంచుకుంటారు. డ్యూయల్ డిగ్రీలో చేరితే ఆ నిర్ణయం పదిహేడేళ్లప్పుడే జరిగిపోతుంది. ఐదో ఏడు స్టైపెండ్ ఇస్తారా, ఇస్తే ఏ షరతు మీద అన్నది చేరే ముందే రాతపూర్వకంగా అడగండి. ఇంకో మాట: బీటెక్‌లో చేరి మధ్యలో డ్యూయల్ డిగ్రీకి మారే వీలు ఇప్పుడు పలు ఐఐటీల్లో ఉంది. ఐఐటీ మద్రాసులో అయితే డేటా సైన్స్, రోబోటిక్స్ లాంటి ఇంటర్‌డిసిప్లినరీ డ్యూయల్ డిగ్రీలకి అలా వెళ్లొచ్చు. తర్వాత తీసుకోగలిగిన నిర్ణయాన్ని ఇప్పుడే తీసుకోవడం దేనికి?

మా బంధువుల అబ్బాయికి జేఈఈ ర్యాంకుతో కోరుకున్న బ్రాంచి రాలేదు. తనకు ఏమాత్రం ఆసక్తి లేని బ్రాంచిలో డ్యూయల్ డిగ్రీ తీసుకున్నాడు, పెద్ద కాలేజీ కదా అని. నాలుగో ఏడు క్లాస్‌మేట్లంతా ఉద్యోగాల్లో చేరిపోతుంటే, వాడు నచ్చని సబ్జెక్టులో థీసిస్ రాస్తూ కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, అది నాలుగేళ్లకీ వచ్చేదే. ఐదో ఏడు వాడికి మిగిల్చింది మాత్రం పెద్దగా ఏమీ లేదు.

అయితే మీ తమ్ముడి లాంటి వాళ్లకి, అంటే ఫిజిక్స్, కోడింగ్ రెండూ ఇష్టమైన వాళ్లకి, సరిపోయే ఐదేళ్ల కోర్సులు ఇంజినీరింగ్ వైపు కూడా కొన్ని ఉన్నాయి. ఐఐఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో ఎంఎస్ బై రీసెర్చ్ కలిపిన డ్యూయల్ డిగ్రీ ఉంది. దానికి యూజీఈఈ అని సొంత పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. ఆ పరీక్షలో రీసెర్చ్ ఆప్టిట్యూడ్‌కి విడిగా ఒక సెక్షన్ ఉంటుంది. కోచింగ్ మెటీరియల్ బట్టీ పట్టిన వాళ్లకన్నా ఆలోచించే వాళ్లకి అది అనుకూలం. తిరువనంతపురం ఐఐఎస్‌టీలో (అంతరిక్ష శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థ) ఇంజినీరింగ్ ఫిజిక్స్‌తో ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా. బిట్స్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరితే మొదటి ఏడాది సీజీపీఏని బట్టి ఒక బీఈ బ్రాంచి కూడా ఇస్తారు. ఫిజిక్స్‌తో ఎలక్ట్రానిక్స్ కలిస్తే చక్కని జోడీ. కానీ బ్రాంచి మీద కన్నేసి, ఇష్టం లేని ఎమ్మెస్సీ సబ్జెక్టు నెత్తిన పెట్టుకునేవాళ్లే అక్కడ ఇబ్బంది పడతారు, ఫీజూ తక్కువేం కాదు. ఐదేళ్లూ వద్దనుకుంటే ఐఐటీ హైదరాబాద్‌తో సహా కొన్ని ఐఐటీల్లో ఇంజినీరింగ్ ఫిజిక్స్ నాలుగేళ్ల బీటెక్ ఉంది. నా మటుకు నేను మీ తమ్ముడి లిస్టులో దాన్ని పైన పెడతాను. ఒక్క జాగ్రత్త: ఎంఎస్ బై రీసెర్చ్ అంటే థీసిస్ పూర్తయితేనే డిగ్రీ. పని తేలకపోతే ఐదేళ్లు అనుకున్నది ఇంకో సెమిస్టర్ సాగొచ్చు. చేతిలో ఉద్యోగం ఆఫర్, జాయినింగ్ డేట్ పెట్టుకుని థీసిస్ తేలక ఇబ్బందిపడే పిల్లల్ని చూశాను.

నాన్నగారి ప్రశ్నకి వద్దాం. "చివరికి ఎమ్మెస్సీయేనా?" అనేది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. బీఎస్-ఎంఎస్‌తో తెరుచుకునే తలుపులు వేరు, బీటెక్‌తో తెరుచుకునేవి వేరు. సీఎస్ఐఆర్ నెట్ (సైన్స్‌లో పరిశోధనకు, లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష) రాసి జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే 2023 జనవరి నుంచి నెలకి రూ.37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ ఇంజినీర్లనే కాదు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎమ్మెస్సీ వాళ్లని కూడా తీసుకుంటుంది. డిగ్రీ కాలేజీ లెక్చరర్ కావాలంటే ఎమ్మెస్సీ, ఆపైన నెట్టో, రాష్ట్ర స్థాయి సెట్టో ఉండాలి. కానీ గేట్ ద్వారా ప్రభుత్వ రంగ సంస్థలు తీసుకునే ఇంజినీర్ ఉద్యోగాలకి బీటెక్ అడుగుతారు, అక్కడ బీఎస్-ఎంఎస్ చెల్లదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఐసర్లలోనూ ఉన్నా, ఇంజినీరింగ్ కాలేజీలతో పోల్చుకుంటే నిరాశే. పీహెచ్‌డీ వైపు వెళ్లని వాళ్లలో చాలామంది డేటా అనలిటిక్స్, సాఫ్ట్‌వేర్ వైపు సొంతంగా దారి వెతుక్కుంటారు, కోడింగ్ వచ్చినవాళ్లు బాగానే స్థిరపడతారు. అంటే నాన్నగారికి చెప్పాల్సింది ఇదీ: ఈ దారిలో స్థిరమైన జీతం మొదలయ్యేసరికి ఐదేళ్లు కాదు, పీహెచ్‌డీ కలుపుకుంటే పదేళ్లు పట్టొచ్చు. ఇంటి పరిస్థితి దానికి ఒప్పుకోకపోతే అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. బీటెక్ చేసినవాళ్లు కూడా సీఎస్ఐఆర్ నెట్ రాయొచ్చు, సైన్స్ తలుపు పూర్తిగా మూసుకుపోదు.

డబ్బు విషయంలో ఒక ఊరట: సైన్స్ కోర్సుల్లో చేరినవాళ్లకి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి రూ.80,000. ఇందులో 60,000 చేతికొచ్చేది, 20,000 వేసవి ప్రాజెక్టుకి. ఇంటర్‌లో బోర్డు టాప్ 1 శాతంలో ఉంటే అర్హత ఉంటుంది. బీటెక్ వాళ్లకి ఇది లేదు. నెలనెలా వచ్చే డబ్బు కాదు కాబట్టి హాస్టల్ ఫీజుకి దీన్నే నమ్ముకోకండి.

మధ్యలో మానేయాల్సి వస్తే? ఇది అందరూ అడగడానికి మొహమాటపడే ప్రశ్న, మీరు మాత్రం అడగండి. పాత ఇంటిగ్రేటెడ్ కోర్సులు కొన్నింట్లో మూడేళ్లు చదివి మానేస్తే చేతికి ఏమీ వచ్చేది కాదు. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత ఎగ్జిట్ (మధ్యలో డిగ్రీతో బయటికి రావడం) గురించి అందరూ మాట్లాడుతున్నారు, కానీ మీ తమ్ముడి బ్యాచ్‌కి వర్తించేది ఆ సంస్థ ఆర్డినెన్స్‌లో (నియమావళి) ఉన్న మాటే. మూడో ఏడో, నాలుగో ఏడో బయటికొస్తే ఏ డిగ్రీ ఇస్తారు, దాని మీద ఏం రాసి ఉంటుంది, అడగండి. సివిల్స్, గ్రూప్స్ ఆలోచన ఉన్న పిల్లలకి ఇది మరీ ముఖ్యం, డిగ్రీ లేనిదే వాటికి అర్హత రాదు. నాలుగేళ్ల డిగ్రీకి ఇప్పుడు విలువ పెరిగింది కూడా: 2022 యూజీసీ నిబంధనల ప్రకారం అందులో 75 శాతం మార్కులుంటే నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చు. కాబట్టి నాలుగేళ్లకి బీఎస్ ఇచ్చి పంపగల ఐదేళ్ల కోర్సు, ఆ వీలు లేని కోర్సు కన్నా ఎప్పుడూ మెరుగు.

తమ్ముడి ఇష్టం నిజమైనదో, ఇంటర్ లెక్చరర్ బాగా చెప్పడం వల్ల పుట్టిందో ఎలా తెలుస్తుంది? ఎన్‌పీటీఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల ఫస్టియర్ మెకానిక్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. పరీక్షలయ్యాక ఒకటి చూసి, అసైన్‌మెంట్లు చేయమనండి. వీడియోలు చూడటం అందరికీ బాగుంటుంది, అది లెక్కలోకి రాదు. ఏ ఫార్ములా వాడాలో చెప్పని ఒక ప్రశ్నతో రెండు మూడు రోజులు కుస్తీ పట్టాక, ఇంకొకటి చేద్దామంటాడా, ఆప్షన్లు ఉన్న ప్రశ్నలే నయం అంటాడా, గమనించండి. రెండోది అన్నాడంటే చవట అని కాదు, బీటెక్ సుఖం అని.

ప్రస్తుతానికి ఐఏటీ, నెస్ట్, జేఈఈ, సీయూఈటీ, యూజీఈఈ అన్నింటికీ దరఖాస్తు పెట్టించండి. సిలబస్ చాలావరకు ఒకటే, అదనంగా చదవాల్సింది ఐఏటీ కోసం బయాలజీ ఒక్కటే. ఫారాల గడువులు వేర్వేరుగా ఉంటాయి, ఇంటర్ పరీక్షల హడావుడిలో వాటినే మర్చిపోతుంటారు. అక్కగా ఆ క్యాలెండర్ మీరు చూసుకోండి. ర్యాంకులు వచ్చాక, ఏ సంస్థలో ఏ కోర్సు వస్తోందో రాస్తే వాటి కరికులమ్‌లు చూసి విడిగా చెప్తాను.